పదో నంబరు బ్యాండూ, మా మామ్మ కుర్చీ

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఇంటికి ఒక రాక్ బ్యాండు వచ్చింది. వచ్చింది అంటే నలుగురు పిల్లలు, రెండు గిటార్లు, ఒక లాప్‌టాప్, గుమ్మంలో హెల్మెట్ల గుట్ట. శ్రీకాకుళం నుంచి బైకుల మీద వచ్చేశారట. వాళ్ళ నాయకురాలి పేరు స్పందన. ముక్కుకి రింగు, మెడలో తాయెత్తు, మాటలో తొందర. ఇదివరకే ఒక పాటలో తప్పెటగుళ్ళ వాళ్ళని, ఇంకో పాటలో ఎవరో ర్యాప్ పాడే కుర్రాణ్ణి కలుపుకున్నారట. "ఈసారి మీ వయొలిన్ కావాల మేడమ్, గెస్ట్ ఆర్టిస్టుగా మీరే రావాల" అంది. అరవై దాటిన దాన్ని, మోకాళ్ళకి నూనె రాసుకుని ఎండలో కూర్చున్న దాన్ని, నన్ను గెస్ట్ ఆర్టిస్టు అంటుంటే సిగ్గూ సంబరమూ కలిసి ఒక్కసారే వచ్చాయి. నా సంగతి ఎవరు చెప్పారే అంటే, "ఆమదాలవలసలో మైకుసెట్ల రమణ అంకుల్! మీదీ రాక్ బ్యాండే అంట కదా, సన్నాయి పెట్టి వాయించేరంట కదా, పాట మద్దిలో పెళ్ళయిపోనాదంట కదా!" అంది. నేను నవ్విన నవ్వుకి చేతిలో కాఫీ చీర మీద ఒలికింది. ఎన్నేళ్ళయిందో ఆ మాట ఎవరి నోటనైనా విని!

ఆ పెళ్ళి సంగతి చెప్పాలంటే ముందు మా మామ్మ సంగతి చెప్పాలి. మామ్మ అంటే మా నాన్న తల్లి. ఒడిశా సరిహద్దున పాతపట్నం దగ్గర రైతుల ఇంట పుట్టింది. మా తాత పాటంటే పడిచచ్చే మనిషి, పొలం కౌలుకిచ్చేసి భార్యని వెంటబెట్టుకుని విజయనగరం వచ్చి వయొలిన్ నేర్చుకున్నాడు. ఆయన పాఠం సాధన చేస్తుంటే వింటూ వింటూ మామ్మ ఆయన్ని మించిపోయింది. తాత పోయాక ఆ వయొలినే మా ఇంటికి దిక్కయింది. తెల్లారేసరికి పొయ్యి మీద చోడి అంబలి, అదే రాగి జావ, ఉడుకుతూ ఉండేది, ముందుగదిలో చాపలు పరిచి ఉండేవి, పేటలో పిల్లలంతా కళ్ళు నులుముకుంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. వయొలిన్ కమానుకి రాసే రోజిన్ బిళ్ళ వాసనా, అంబలిలోకి కొరికే ఉల్లిపాయ వాసనా కలిసిన వాసన ఒకటి ఉంటుంది. అది ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. మామ్మ మాత్రం చాప మీద కూర్చునేది కాదు, నడుం పట్టేస్తుందని ఒక పేముకుర్చీ వేయించుకునేది. పెళ్ళికి వెళ్ళినా, కచేరీకి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా సరే, ఆ కుర్చీ రిక్షాలో ఆవిడ కంటే ముందు ఎక్కేది. కోపం వస్తే ఒడియాలో తిట్టేది, ప్రేమ వస్తే తెలుగులో తిట్టేది. మాకు ఒడియా రాదు కాబట్టి మేం రెండింటికీ భయపడేవాళ్ళం.

అలాంటి ఇంట్లోకి మా సూరిబాబు బావ గిటారు పట్టుకొచ్చాడు. బావ మా మేనత్త కొడుకు. విశాఖపట్నంలో చదువుతూ, ఓడలో పనిచేసే ఎవరో మనిషి దగ్గర పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి సంపాదించాడు. జుట్టు భుజాల దాకా పెంచాడు. "ఒసే పూర్ణా, మనం బ్యాండు పెడతన్నాం" అని నాతో అన్నాడే గానీ, పెడదామా అని అడగలేదు. డ్రమ్ములకి మా వీధి చివరి రమణ వచ్చాడు. పెళ్ళిళ్ళ బ్యాండుమేళం వాళ్ళు వదిలేసిన డ్రమ్మొకటి, ఖాళీ నూనె డబ్బాలు, ఎక్కడి నుంచి తెచ్చాడో ఒక ఇత్తడి పళ్ళెం. ఇదీ వాడి సరంజామా. బ్యాండు పేరు 'పదో నంబరు' అని పెట్టింది కూడా వాడే. తుఫాను వస్తే రేవుల్లో మూడో నంబరు ఎగరేశారు, ఏడో నంబరు ఎగరేశారు అని రేడియోలో చెప్తారు కదా, పదో నంబరు అంటే ఇంక ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పరుగెత్తమనే. "మన పాట ఇని జనం పరిగెట్టాల" అనేవాడు రమణ, ఎటువైపు అన్నది మాత్రం చెప్పేవాడు కాదు.

మా సాధన అంతా మా ఇంటి వెనక గదిలో. ఆ గదికి నెత్తికి తగిలేంత కిందికి అటక, అటక నిండా మామ్మ ఆవకాయ జాడీలు. పాట ఆఖరికి వచ్చింది, అందరూ ఒక్కసారి ఆపాలి అని చెప్పడానికి డ్రమ్ములవాడు పుల్ల పైకెత్తాలి, లోకంలో ఎక్కడైనా అదే పద్ధతి. మొదటిరోజు రమణ పుల్ల ఎత్తాడు, అది అటక చెక్కకి ఠంగుమని తగిలింది, జాడీ కదిలింది, వంటింట్లోంచి "జాడీ!" అని మామ్మ కేక. ఆ కేకకి మేం ముగ్గురం ఎంత చక్కగా ఒకేసారి ఆగామంటే, తర్వాత ఎప్పుడూ అంత బాగా ఆగలేదు. అప్పటినుంచీ రమణ పుల్ల ఎత్తడం మానేసి గెడ్డం ఎగరేసి చూపించేవాడు. మేం పాట ఆఖరికి వచ్చేసరికి వాడి గెడ్డం వైపు చూడ్డం నేర్చుకున్నాం.

మామ్మకి గిటారు మీద కోపం లేదు, నూనె డబ్బాల మీద అంతకంటే లేదు. ఆవిడ కోపమల్లా నేను నిలబడి వాయించడం మీద. మన పద్ధతిలో వయొలిన్ అంటే మఠం వేసుకుని కూర్చోవాలి, వాయిద్యం తల పాదం మీద ఆనాలి, రెండో చివర గుండెకి ఆనాలి. బావేమో, రాక్ బ్యాండులో ఒకర్తి కూర్చుంటే భజన బృందంలా ఉంటుంది, నిలబడు అన్నాడు. నిలబడితే వయొలిన్ జారిపోతుంది. అమ్మ పాత చీర అంచు చింపి, వయొలిన్ని భుజానికి కట్టుకుని, గెడ్డం కింద అదిమిపట్టి వాయించేదాన్ని. మామ్మ గుమ్మంలో నిలబడి చూసి నోటిమీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! సంటిపిల్లకి దిష్టితాడు కట్టినట్టు కట్టీసినావేటే దాన్ని! కాలు ఒక సోట నిలవదు, నడుం ఒక సోట నిలవదు, దాంట్లోంచి పాట ఏలగ వస్తాదే?" అంది. నేను కూడా తక్కువదాన్నా, "గాలి ఆడుతుంది మామ్మా, హాయిగా ఉంటుంది" అన్నాను. నిజానికి హాయి ఒక్కటే కాదు. నిలబడి వాయిస్తే నా చేతుల్లోంచి వచ్చే పాట నాదే అనిపించేది, చాప మీద కూర్చుంటే మామ్మది అనిపించేది. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

ఇంతలో మా పేటలో అమ్మవారి పండగ వచ్చింది. సాయంత్రం ఆర్కెస్ట్రాకి ముందు మాకు కాసేపు స్టేజీ ఇమ్మని బావ పండగ పెద్దల్ని బతిమాలాడు. పెద్దలు మా నూనె డబ్బాలు చూసి, "సన్నాయి లేకుండా అమ్మోరి పందిట్లో మొదటి పాటేటి? మన మేళాన్ని కలుపుకుంటే ఎక్కండి, లేకపోతే లేదు" అన్నారు. బావ మొహం వాడిపోయింది గానీ రమణ ఎగిరి గంతేశాడు. అక్కడినుంచి మా వెనక గది సంతయిపోయింది. మొదట తప్పెటగుళ్ళ వాళ్ళని పిలిచాడు. గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో వాళ్ళు ఒక్క ఎగురు ఎగిరారో లేదో జాడీ మూతలు రాలాయి, మామ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చి, మెచ్చుకుని, పంపించేసింది. తర్వాత జముకుల కథ చెప్పే నారాయణమ్మ వచ్చింది. చంకలో ఇరికించుకుని తీగ లాగి మీటే ఆ జముకు, జుంబుక జుంబుక అని గుమ్మటంలోంచి వచ్చినట్టు మోగుతుంది. మాకు బేస్ గిటారు లేదు, కొనే దారీ లేదు. "ఇదిగో మన బేస్!" అని రమణ అరిచాడు. నారాయణమ్మ తాంబూలం బుగ్గన పెట్టుకుని, "బేసో గీసో నాకు తెలవదు గానీ, మీ గిటారు గుంటడు జోరు తగ్గిస్తే నాను కతలో ఉంటాను" అంది.

ఆఖరున సన్నాయి సింహాచలం మావ వచ్చాడు, వెంట డోలు వాయించే బావమరిది పైడిరాజుతో. మావ పట్టు ఉత్తరీయం వేసుకుని మా సాధనకి వచ్చేవాడు. మా జిల్లాలో ఆయన ఊదని పెళ్ళి లేదని ఆయనే చెప్పేవాడు. సన్నాయి శ్రుతి మారదు కాబట్టి గిటారూ, వయొలినూ, జముకూ అన్నీ ఆయన దగ్గరికే దిగి రావాలి, ఆ సంగతి ఆయనకి పరమానందం. "ఏటల్లుడూ, మీ పాట్లో పల్లవెక్కడుందీ?" అని బావని అడిగేవాడు. బావ రిఫ్ అని గిటారు మీద ఒక ముక్క తిప్పితిప్పి వాయించి చూపిస్తే, మావ కళ్ళు మూసుకుని దాన్ని సన్నాయిలో ఊదేవాడు, చివర ఒక గమకం తగిలించి. ఆ గమకం తగిలేసరికి అది ఏ దేశపు పాటో ఎవరికీ గుర్తుండేది కాదు. అబ్బ, ఆ రోజులు! గదిలో గాలి లేక ఉడికిపోయేవాళ్ళం, చెవులు గింగురుమనేవి, అయినా తలుపు తీసి బయటికి పోవాలనిపించేది కాదు.

పండగ ముందురోజు మామ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "ఇనే గుంటా. నువ్వు నిలబడి వాయిత్తావు, నాను కూకుని ఇంటాను. పాట అయిపోయీదాకా నాను కుర్సీలోంచి లెగకపోతే, ఆ బ్యాండులో నీ ఇష్టం వొచ్చినన్నాళ్ళు వాయించుకో. లెగిసేనంటే మాత్రం రేపట్నించీ నా ఎదర, సాప మీద, కూకునే. మరేటంటావు?" అంది. ఏమంటాను? ఆవిడ మాటకి మా నాన్నే ఎదురు చెప్పడు. సరేనన్నాను. బావకీ, రమణకీ చెప్పాను. బావ, "మన పాట ఇని ఎవరైనా లెగుస్తారేటే?" అని నవ్వేశాడు. రమణ నవ్వలేదు.

పండగ సాయంత్రం మామ్మ పేముకుర్చీ అందరికంటే ముందు వరసలో వేయించారు. ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, ఒళ్ళో మూరీ మిక్చర్, అదే ఉల్లిముక్కలు కలిపిన మరమరాల పొట్లం పెట్టుకుని, న్యాయమూర్తిలా కూర్చుంది. మిగతా జనం చేతుల్లోనూ మూరీ పొట్లాలే. సింహాచలం మావ సన్నాయి అందుకున్నాడు, పైడిరాజు డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు, నారాయణమ్మ జముకు జుంబుకమంది, బావ జుట్టు విదిలించాడు. పదో నంబరు మొదలైంది. నేను భయానికి కళ్ళు మూసేసుకున్నాను. కళ్ళు తెరిస్తే మామ్మ కుర్చీ కనపడుతుంది, దానికంటే కళ్ళు మూసుకుని తప్పు వాయించడమే నయం. కానీ ఎక్కడా తప్పు పడలేదు. వయొలిన్ నా భుజం మీద ఉందన్న సంగతే మర్చిపోయాను. ఎక్కడో గాల్లో ఉన్నాను. ఆ పరవశంలోనే బావ సోలో మొదలెట్టి గిటారు తీసుకెళ్ళి స్పీకరు మొహం మీద పెట్టాడు. అది కీఁచుమని అరిచింది. ఒకటే అరుపు, ఆగదు.

సరిగ్గా అప్పుడు, పాట ఇంకా సగం కూడా అవకుండా, రమణ పుల్ల పైకెత్తాడు. అటక లేదు కదా, ఎత్తవలసినంతా ఎత్తాడు. ఎత్తి ఊరుకోలేదు, పురోహితుడు వేలు ఆడించినట్టు గాల్లో గబగబా ఆడించాడు. జీవితమంతా పెళ్ళిపందిళ్ళలో ఆ లేచే చెయ్యి కోసమే ఒక కన్ను తెరిచి ఊదిన మనిషి సింహాచలం మావ. ఇంకేముంది! ఆయన ఎదర ఉన్నది పీటలు కావు, గిటార్లు అన్న సంగతి ఆయన ఊపిరితిత్తులకి తెలీదు. గట్టిమేళం! పైడిరాజు డోలు చిట్లేలా వాయించాడు, సన్నాయి ఆకాశానికంటింది, గిటారు కీచు అందులో ఎక్కడో కొట్టుకుపోయింది. గట్టిమేళం చెవినపడితే మన జనం ఆగుతారా? పందిరంతా ఒక్కసారి లేచి నిలబడింది. అక్షింతలు లేవు, చేతిలో ఉన్నది మూరీ. ఉల్లిముక్కలతో సహా స్టేజీ మీదికి విసిరేశారు! నా నెత్తిన, బావ జుట్టులో, రమణ డబ్బాల మీద మూరీ వాన. పక్కపక్కనే నిలబడ్డ బావనీ నన్నూ చూసి వెనకనుంచి ఎవరో, "పెళ్ళయిపోనాదిరోయ్!" అని అరిచారు. నేను కళ్ళు తెరిచాను. ముందు వరసలో పేముకుర్చీ ఖాళీ. దాని ఎదర మామ్మ నిటారుగా నిలబడి ఉంది.

అయిపోయింది, రేపట్నించీ చాపే అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ నవ్వుతుంటే నాకొక్కదానికే ఏడుపు. అప్పుడు మామ్మ గుప్పెడు మూరీ తీసి, గురి చూసి, సూటిగా నా మొహాన కొట్టింది.

ఇంటికొచ్చాక బావ రమణతో మాట్లాడలేదు, సోలో పాడుచేశాడని. సింహాచలం మావ మాత్రం, "సెయ్యి లెగిస్తే ఊదాల. ఎందుకు లెగిసిందో నాకేల?" అని ఉత్తరీయం సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను మామ్మ ఎదర తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడ కుర్చీలో కూర్చుని పంటిలో ఇరుక్కున్న ఉల్లిముక్క తీసుకుంటూ, "ఏటే అలగ నిలబడ్డావు? గట్టిమేళం మోగితే లెగకుండా కూకుంటానేటి? నాను మనిషిని కానేటి? ఆ లెగడం లెక్కలోకి రాదు. పొద్దున్న నా కాడ కూకో, సాయంత్రం ఆళ్ళ కాడ నిలబడు" అంది. నేను ఆవిడ మెడ పట్టుకుని వేలాడితే కుర్చీతో సహా ఇద్దరం పడబోయాం. ఆ తర్వాత చాలా పండగలకి పదో నంబరు వాయించింది. ఎక్కడికెళ్ళినా "ఆ పెళ్ళిపాట కట్టండి" అనేవాళ్ళు. రమణకి 'పుల్లెత్తిన రమణ' అన్న పేరు స్థిరపడిపోయింది. బావ బ్యాంకులో చేరి జుట్టు కత్తిరించుకుని, వేరే అమ్మాయిని నిజమైన గట్టిమేళంతో పెళ్ళి చేసుకున్నాడు, ఆ పెళ్ళికి ఊదింది కూడా సింహాచలం మావే. నేను వయొలిన్ని వదల్లేదు. కూర్చునీ వాయించాను, నిలబడీ వాయించాను. నా బతుకంతా ఆ 'లెక్కలోకి రాదు' అన్న మాట మీదే నడిచింది.

ఈ కథంతా విని స్పందన పొట్ట పట్టుకుని నవ్వింది. నాలుగు రోజుల తర్వాత నన్ను కారులో ఆమదాలవలస తీసుకెళ్ళారు. రమణ మైకుసెట్ల కొట్టు మీది గదిలోనే వాళ్ళ రికార్డింగు. ఇప్పటి పద్ధతి వేరు. సన్నాయి ఆయన కిందటి వారమే వచ్చి ఊది వెళ్ళిపోయాడట, ఆయన్ని నేను చూడనేలేదు, చెవులకి పెట్టిన హెడ్‌ఫోనులో మాత్రం వినిపిస్తాడు. శ్రుతి కుదరకపోతే లాప్‌టాప్ సర్దేస్తుందట, ఎవరూ ఎవరి దగ్గరికీ దిగి రానక్కరలేదు. చక్కగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి! ఆ పిల్ల పాట వింటే నాకే ఒళ్ళు పులకరించింది. కానీ ఒకరి చెమట ఒకరికి తెలియకుండా ఎలా కలిసి వాయిస్తారో నాకు అర్థం కాలేదు. నాకోసం మెత్తటి ఆఫీసు కుర్చీ, కింద చక్రాలున్నది, ఒకటి వేశారు.

వైర్లు సర్దుతూ స్పందన ఉన్నట్టుండి, "అంకుల్, నాకొక డౌటు. పుల్ల ఎత్తకుండా అంతలా అలవాటైపోనాది కదా మీకు. పాట సగంలో ఎందుకెత్తేరు?" అంది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. రమణ జుట్టంతా నెరిసిపోయింది, పొట్ట వచ్చింది, నవ్వు మాత్రం అదే. తాపీగా, "ఆ కీచుకి మామ్మ కుర్సీ సేతుల మీద రెండు సేతులూ ఆన్చి లెగిసిపోతన్నాది. పూర్ణ కళ్ళు మూసీసుకున్నాది, దానికి తెలవదు. నాకేటి సెయ్యాలో తోచలేదు. ఒక్క మామ్మ లెగిస్తే పందెం పోద్ది, అందరూ లెగిస్తే పోదు కదా. ఎత్తీసినాను" అన్నాడు.

"ఒరే! ఊరంతా నిన్ను అన్నన్ని మాటలంటే ఇన్నేళ్ళూ ఏల సెప్పలేదురా?" అన్నాను. "మామ్మ ఉన్నన్నాళ్ళూ సెప్తే తీర్పు మార్సీసుద్దేమోనని బయం. పోయిన తరవాత ఎవులూ అడగలేదు" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. సన్నాయి కంటే ముందే తను లేవబోయానని మామ్మకి తెలియదా? తెలుసు. తెలిసే 'లెక్కలోకి రాదు' అంది. వీళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా, నాకు చెప్పకుండా, నన్ను ఆ స్టేజీ మీద నిలబెట్టేశారు. నవ్వో ఏడుపో తెలియకుండా ముక్కు చీదుకుంటుంటే, "ఎండింగ్ ఏలగ మేడమ్, మెల్లగా సౌండు తగ్గించీదామా?" అని పాపం ఆ పిల్ల అడుగుతోంది. "తగ్గించకు. మీ అంకుల్ చూపిస్తాడు" అన్నాను.

వాయించాను, ఈసారి కళ్ళు తెరుచుకునే. పాట ఆఖరికి వచ్చేసరికి అద్దానికి అవతల రమణ జేబులోంచి పెన్ను తీసి పైకెత్తాడు. ఎత్తి గబగబా ఆడించాడు. చెవుల్లో సన్నాయి ఎగిరింది. హెడ్‌ఫోను వైరు లాగేస్తున్నా, మోకాళ్ళు మొరాయిస్తున్నా లేచి నిలబడిపోయాను. నా వెనక చక్రాల కుర్చీ జర్రున జారి గోడకి ఢామ్మని గుద్దుకుంది. ఆ చప్పుడు పాటలో పడిపోయింది, తీసెయ్యవే అని ఎంత చెప్పినా స్పందన తియ్యనంది.